లేదు వేరు, తెలియలేదు వేరు

మూడేళ్ల కిందట ఒక మధ్యాహ్నం మా బీమా కంపెనీ కస్టమర్ కేర్ వాళ్లు, జావాలో కోడ్ రాసే మా టీమ్‌కి ఒక కాల్ రికార్డింగ్ పంపించారు. తెనాలి నుంచి ఎవరో పెద్దాయన. "బాబూ, పదకొండేళ్ల నుంచి కడుతున్నాం. రసీదులన్నీ నా దగ్గరే ఉన్నాయి. మా ఆవిడ పాలసీ ల్యాప్స్ అయిపోయిందంటారేంటి?" ఆయన గొంతులో కోపం కన్నా భయం ఎక్కువగా వినిపించింది. ఆవిడకి ఆ వారంలోనే కంటి ఆపరేషన్ ఉందట.

డేటాబేస్‌లో చూస్తే ఆవిడ పేరు మీద రెండు రికార్డులు కనిపించాయి. మొదటిది పాతది, పాలసీ దానికే ఉంది. రెండోది మూడు నెలల ముందు ఒక మంగళవారం రాత్రి తొమ్మిదీ నలభైకి పుట్టింది. ఆ తర్వాత కట్టిన వాయిదాలన్నీ పాలసీ లేని ఆ రెండో రికార్డులో అడ్వాన్సుగా పడి ఉన్నాయి. పాతదానికి డబ్బు అందలేదు కాబట్టి సిస్టమ్ దాన్ని ల్యాప్స్ చేసేసింది. వెతికితే, ఆ రాత్రే ఓ ఇరవై నిమిషాల్లో ఇలా రెండేసి రికార్డులైన వాళ్లు ఇంకా చాలామంది దొరికారు.

జరిగింది ఇది. కొత్త యాప్‌లోకి మొదటిసారి లాగిన్ అయినవాళ్లని ఫోన్ నంబరు, పుట్టిన తేదీ కలిపి వెతుకుతాం. వెతకడానికి రీడ్ రెప్లికా (డేటాబేస్‌కి చదవడానికి మాత్రమే ఉంచిన నకలు), రాయడానికి మెయిన్ డేటాబేస్. ఆ ఇరవై నిమిషాలు రెప్లికా మొరాయించింది, క్వెరీలు (డేటాబేస్‌ని అడిగే ప్రశ్నలు) గడువులోగా జవాబు రాక టైమవుట్ అయ్యాయి. డేటాబేస్‌తో మాట్లాడే డ్రైవర్ తన పని తాను చేసింది, ఎస్‌క్యూఎల్ ఎక్సెప్షన్ విసిరింది, అంటే పని విఫలమైందని కబురు పంపింది. వెతికే పని చేసే మా మెథడ్ (కోడ్‌లో ఒక పని చేసే ముక్క) దాన్ని పట్టుకుని, లాగ్‌లో ఒక వార్నింగ్ రాసి, ఖాళీ ఆప్షనల్‌ని (విలువ ఉండొచ్చు, లేకపోవచ్చు అని చెప్పే డబ్బా లాంటిది) రిటర్న్ చేసింది. పైన ఉన్న కోడ్ ఆ ఖాళీని చూసి "ఈ కస్టమర్ మన దగ్గర లేరు" అనుకుంది. మెయిన్ డేటాబేస్ బాగానే ఉంది కాబట్టి అక్కడ కొత్త రికార్డు పెట్టేసింది. ఇంట్లో నలుగురూ ఒకే నంబరు ఇస్తారని నంబరు మీద యునీక్ కన్‌స్ట్రెయింట్ (ఒకే విలువ రెండుసార్లు పడకుండా ఆపే నియమం) పెట్టలేదు. కాబట్టి అక్కడా ఏదీ ఆపలేదు.

ఆ మెథడ్ మొత్తం పది లైన్లు కూడా ఉండదు. దాన్ని మార్చిన పుల్ రిక్వెస్ట్‌లో (కోడ్ మార్పుని ఆమోదం కోసం పంపే అభ్యర్థనలో) ఇలా రాసి ఉంది: "చెక్డ్ ఎక్సెప్షన్ తీసేసి ఆప్షనల్ పెట్టాను, కాల్ చేసేవాళ్లకి క్లీన్‌గా ఉంటుంది." దాన్ని అప్రూవ్ చేసింది నేనే. చదివినప్పుడు నాకూ బాగుందనే అనిపించింది. ఆవిడ పాలసీని మర్నాటికల్లా పునరుద్ధరించారు, ఆపరేషన్ కూడా అయింది. కానీ ఆ రికార్డింగ్‌లోని గొంతు నన్ను వదల్లేదు. అప్పటి నుంచి ఈ విషయం మీద నా అభిప్రాయం గట్టిపడుతూ వచ్చింది. విఫలం కావచ్చని ముందే ప్రకటించే చెక్డ్ ఎక్సెప్షన్ మేలా, ఆప్షనల్ మేలా అని మనం పోటీ పెడుతున్నాం. కానీ అవి రెండూ ఒకే ప్రశ్నకి జవాబులు కావు.

ఇంటర్వ్యూలకి వచ్చే కుర్రాళ్లని ఒక పాత ప్రశ్న అడుగుతుంటాను: చెక్డ్ ఎక్సెప్షన్‌కీ అన్‌చెక్డ్‌కీ తేడా ఏంటి? ఎక్కువమంది చెప్పే జవాబు ఒకటే: చెక్డ్ అంటే కంపైల్ టైమ్‌లో (కోడ్‌ని నడిపే రూపంలోకి మార్చేటప్పుడు) వచ్చేది, అన్‌చెక్డ్ అంటే రన్ టైమ్‌లో వచ్చేది. అమీర్‌పేటలో కోర్ జావా నేర్చుకునే రోజుల్లో నేనూ ఇలాగే బట్టీ పట్టాను. ఇది తప్పు. ఏ ఎక్సెప్షనైనా వచ్చేది ప్రోగ్రాం నడుస్తున్నప్పుడే. కంపైల్ టైమ్‌లో జరిగేది తనిఖీ మాత్రమే. "నువ్వు పిలుస్తున్న మెథడ్ ఫలానా రకంగా విఫలం కావచ్చని తన సిగ్నేచర్‌లోనే (పేరు రాసే మొదటి వరుసలోనే) చెప్పింది. మరి నువ్వేం ఏర్పాటు చేసుకున్నావు?" అని కంపైలర్ అడుగుతుంది. పట్టుకుంటావా, పైకి పంపుతావా, ఏదో ఒకటి చెప్పు అంటుంది. అంతకు మించి ఏమీ లేదు. ఈ చిన్న తేడా మనసులో నాటుకోకపోతే, చెక్డ్ ఎక్సెప్షన్ అంటే కంపైలర్ పెట్టే పేచీలాగే కనిపిస్తుంది. ఆ పేచీ వదిలించుకోవడమే పని అనిపిస్తుంది.

ఈ ఆలోచన జావాతో మొదలైంది కాదు. కంప్యూటర్ శాస్త్రవేత్త బార్బరా లిస్కోవ్ బృందం 1970లలో తయారుచేసిన సీఎల్‌యూ భాషలోనే, ప్రొసీజర్ ఏయే ఎక్సెప్షన్లు ఇవ్వొచ్చో దాని హెడర్‌లో రాసేవారు. మాడ్యులా-3 భాషలోనూ అలాంటి జాబితా ఉంది. 1996 జనవరిలో జావా మొదటి వెర్షన్ వచ్చేనాటికి చాలామంది ప్రోగ్రామర్లకి అలవాటైన పద్ధతి సీ భాషది: ఫంక్షన్ విఫలమైతే మైనస్ ఒకటో, నల్‌నో (ఏమీ లేదనే గుర్తు) తిరిగిస్తుంది, చూసుకోవడం పిలిచినవాడి బాధ్యత. జనం చూసుకునేవారు కాదు. జావా చెక్డ్ ఎక్సెప్షన్లని పెట్టింది ఆ మరుపు మీదే.

అయితే వాటి మీద జనానికి కోపం ఊరికే రాలేదు. ఆ కోపంలో న్యాయం ఉంది. స్ట్రింగ్‌ని బైట్లుగా మార్చడానికి యూటీఎఫ్-8 అనే ఎన్‌కోడింగ్ (అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతి) పేరు రాసి అడిగితే, ఆ ఎన్‌కోడింగ్ దొరక్కపోవచ్చంటూ ఒక చెక్డ్ ఎక్సెప్షన్ ఉండేది. ప్రతి జావా వర్చువల్ మెషీన్‌లోనూ యూటీఎఫ్-8 ఉండి తీరాలని జావానే నియమం పెట్టింది. ఎన్నటికీ జరగని దానికి ఎన్ని లక్షల చోట్ల క్యాచ్ బ్లాక్ (ఎక్సెప్షన్‌ని పట్టుకునే కోడ్) రాశామో! ఆ బాధ తప్పించే స్టాండర్డ్ చార్‌సెట్స్ అనే క్లాస్ జావా 7లో గానీ రాలేదు. మెమరీలోకి మాత్రమే రాసే బైట్ అర్రే అవుట్‌పుట్ స్ట్రీమ్‌ని క్లోజ్ చేస్తే ఏమీ జరగదు, అయినా ఆ క్లోజ్ మెథడ్ ఐఓ ఎక్సెప్షన్ రావచ్చని ఇప్పటికీ అంటుంది. ఇక ఎస్‌క్యూఎల్ ఎక్సెప్షన్ సంగతి మరీ ఘోరం. కనెక్షన్ పోయినా అదే, క్వెరీలో కామా తప్పినా అదే, ఒకే కీ రెండుసార్లు పెట్టినా అదే. దేనికి మళ్లీ ప్రయత్నించాలో, దేనికి కోడ్ దిద్దుకోవాలో తెలియాలంటే లోపలున్న ఎస్‌క్యూఎల్ స్టేట్ అనే అయిదక్షరాల కోడ్ తీసి చూడాలి. మళ్లీ ప్రయత్నిస్తే ఫలించేవి, ఫలించనివి అని విడదీసిన సబ్‌క్లాసులు జావా 6లో వచ్చాయి కానీ అన్ని డ్రైవర్లూ వాటిని పాటించవు.

పిలిచినవాడు ఏమీ చెయ్యలేని చోట కూడా "ఏం చేస్తావు?" అని అడిగితే వాడు చివరికి అబద్ధం చెప్పడం నేర్చుకుంటాడు. ఐడీఈలో (కోడ్ రాసే ఎడిటర్‌లో) ఎర్రగీత కనిపిస్తే ఆల్ట్ ఎంటర్ కొట్టడం, అదే రాసిపెట్టిన క్యాచ్ బ్లాక్‌ని అలాగే వదిలేయడం మన చేతికి అలవాటైపోయింది. ఖాళీ క్యాచ్ బ్లాక్ అలవాటు ఇలా పుట్టింది. దీన్ని నేను ఒప్పుకుంటాను.

2014 మార్చిలో జావా 8 వచ్చింది. లాంబ్డాలు (పేరులేని చిన్న ఫంక్షన్లు), స్ట్రీమ్‌లు (ఒక్కొక్కటిగా పనిచేసే డేటా వరుసలు), వాటితో పాటే ఆప్షనల్. స్ట్రీమ్‌లో మొదటి ఎలిమెంట్ అడిగితే అసలు ఎలిమెంట్లే లేకపోవచ్చు. అప్పుడు ఏం తిరిగివ్వాలి? నల్ ఇస్తే జనం మర్చిపోతారు. నల్ రిఫరెన్స్‌ని 1965లో ఆల్గోల్ డబ్ల్యూ అనే భాష కోసం ప్రవేశపెట్టిన కంప్యూటర్ శాస్త్రవేత్త టోనీ హోర్, 2009లో అది తన "బిలియన్ డాలర్ పొరపాటు" అన్నారు. ఆ బాధ జావా వాళ్లందరికీ తెలిసిందే. అందుకే లేకపోవచ్చన్న సంగతి టైప్‌లోనే కనిపించేలా ఆప్షనల్ తెచ్చారు. జావా భాషకి ఆర్కిటెక్ట్ అయిన బ్రయాన్ గెట్జ్ దీని పరిధి చిన్నదేనని మొదటి నుంచీ చెబుతున్నారు: ఫలితం ఏమీ లేదని స్పష్టంగా చెప్పాల్సిన చోట, మెథడ్ రిటర్న్ టైప్‌గా వాడుకోవడానికి. తర్వాత జావా డాక్యుమెంటేషన్‌లో కూడా ఇదే ఎక్కింది.

ఫలితం లేదు అని చెప్పడానికి. ఫలితం రాలేదు అని చెప్పడానికి కాదు. మా మెథడ్ తప్పింది సరిగ్గా ఇక్కడే.

దీనికి వేరే ఉదాహరణ అక్కర్లేదు. ఏదో ఒక కౌంటర్ దగ్గర లైన్‌లో నిలబడని తెలుగువాడు లేడు. లోపలున్నాయన కంప్యూటర్‌లో చూసి "మీ పేరు లిస్టులో లేదండీ" అంటే మనం చేసే పని ఒకటి: పత్రాలు తీస్తాం, కొత్తగా అప్లికేషన్ పెట్టుకుంటాం. "సర్వర్ డౌన్ అండీ" అంటే చేసే పని వేరు: టీ తాగి వస్తాం, లేదా రేపు వస్తాం. రెండు సందర్భాల్లోనూ మన చేతికి వచ్చింది ఖాళీయే. కానీ సర్వర్ డౌన్ అయినప్పుడు ఆయన "మీ పేరు లేదు" అని చెప్పాడనుకోండి, మనం వెళ్లి రెండో అప్లికేషన్ పెడతాం. ఆ మంగళవారం రాత్రి మా సర్వీసు చేసింది అచ్చం అదే.

జావా లైబ్రరీలోనే ఈ తేడా ఎంత సూక్ష్మంగా ఉంటుందో చూపించే జంట ఒకటి ఉంది. జావా 7తో వచ్చిన ఫైల్స్ క్లాస్‌లో ఎగ్జిస్ట్స్ అనే మెథడ్ ఉంది, నాట్ ఎగ్జిస్ట్స్ అనే మెథడూ ఉంది. మొదటిసారి చూసినప్పుడు రెండెందుకు, ఒకదాని ముందు, కోడ్‌లో 'కాదు' అని అర్థమిచ్చే ఆశ్చర్యార్థకం పెట్టుకుంటే సరిపోదా అనుకున్నాను. సరిపోదు. ఫైల్ ఉందో లేదో తేల్చుకోలేని పరిస్థితి ఉంటుంది, ఫోల్డర్‌ని చూసే అనుమతి లేనప్పుడు లాంటిది. అప్పుడు ఈ రెండు మెథడ్లూ ఫాల్స్ అనే అంటాయి. ఉందా? అవునని చెప్పలేను. లేదా? అదీ చెప్పలేను. డాక్యుమెంటేషన్‌లో ఈ సంగతి స్పష్టంగా రాసి ఉంది. అయినా ఎంతమంది మొదటిదాని ముందు ఆశ్చర్యార్థకం పెట్టి "ఫైల్ లేదు, కాబట్టి కొత్తది రాసేద్దాం" అని కోడ్ రాస్తున్నారో చూడండి. బూలియన్‌లో (ట్రూ, ఫాల్స్ మాత్రమే పట్టే టైప్‌లో) రెండే గదులు ఉంటాయి. మూడో సంగతిని ఎక్కడ దాచినా అది వేరొకదాని వేషంలోనే బయటికి వస్తుంది. ఆప్షనల్‌లోనూ రెండే గదులు.

డిలీట్ కథ కూడా చెప్పాలి. పాత ఫైల్ క్లాస్‌లో డిలీట్ బూలియన్ ఇచ్చేది. ఫాల్స్ వస్తే ఫైల్ లేదా, అనుమతి లేదా, ఫోల్డర్‌లో ఇంకా ఫైళ్లున్నాయా, ఏదీ తెలియదు. పైగా ఆ బూలియన్‌ని ఎవరూ చూసేవారు కాదు. రిటర్న్ విలువని పట్టించుకోకుండా వదిలేస్తే జావా కంపైలర్ ఒక్క మాట కూడా అనదు కదా. జావా 7లో దీన్ని మళ్లీ రాసినప్పుడు ఏం చేశారు? కొత్త డిలీట్ ఐఓ ఎక్సెప్షన్ విసురుతుంది, ఫైల్ లేకపోతే ఒక రకం, ఫోల్డర్ ఖాళీగా లేకపోతే ఇంకో రకం. దాని పక్కనే డిలీట్ ఇఫ్ ఎగ్జిస్ట్స్ పెట్టారు. అది ముందే లేని ఫైల్‌కి ఫాల్స్ ఇస్తుంది, తీయలేకపోతే మాత్రం ఎక్సెప్షన్ విసురుతుంది. లేకపోవడం మామూలు జవాబుగా, చేతకాకపోవడం ఎక్సెప్షన్‌గా ఒకే సిగ్నేచర్‌లో రెండూ ఇమిడాయి. ఇంత పొందికైన మెథడ్ లైబ్రరీలో అరుదని నా అభిప్రాయం.

అందుకే ఈ రోజు నన్నడిగితే, కస్టమర్‌ని వెతికే మెథడ్ ఆప్షనల్ రిటర్న్ చెయ్యాలి, దాంతో పాటు "స్టోర్ అందుబాటులో లేదు" అనే ఒక చెక్డ్ ఎక్సెప్షన్ కూడా ప్రకటించాలి. ఈ మాట అన్నప్పుడల్లా టీమ్‌లో ఎవరో ఒకరు "రెండూ ఎందుకన్నా, ఏదో ఒకటి పెడదాం" అంటారు. అప్పుడు వాళ్లని ఒక్కటే అడుగుతాను: ఖాళీ వచ్చినప్పుడు నువ్వేం చేస్తావు, డేటాబేస్ అందనప్పుడు ఏం చేస్తావు? రెండు జవాబులూ ఒకటే అయితే ఒక్కటే పెడదాం. ఇప్పటిదాకా చాలాసార్లు జవాబులు వేరుగానే వచ్చాయి.

ఒకటే అయిన సందర్భాలు లేకపోలేదు. ఫారంలో వయసు గడిలో రాసింది అంకెనా కాదా అని చూడాలంటే విఫలమయ్యే దారి ఒక్కటే, అది అంకె కాదు. అక్కడ ఎక్సెప్షన్ అనవసరం, ఆప్షనల్ చక్కగా సరిపోతుంది. కాట్లిన్ భాషలో దీనికోసం టు ఇంట్ ఆర్ నల్ అనే ఫంక్షన్ పెట్టారు, పేరులోనే సంగతి ఉంది. విఫలమయ్యే దారి ఒక్కటే అయితే ఖాళీ చాలు. రెండో దారి తోడయితే చాలదు.

దీనికి గట్టి ప్రతివాదం ఉంది, దాన్ని దాటేసి పోకూడదు. సీ షార్ప్‌ని రూపొందించిన ఆండర్స్ హెల్స్‌బర్గ్ ఆ భాషలోకి చెక్డ్ ఎక్సెప్షన్లని తేలేదు. 2003లో ఒక ఇంటర్వ్యూలో కారణాలు చెప్పారు. ఒకటి వెర్షన్ల బాధ: రెండో వెర్షన్‌లో మెథడ్‌కి ఒక కొత్త ఎక్సెప్షన్ చేరిస్తే దాన్ని పిలిచేవాళ్ల కోడంతా విరుగుతుంది. రెండోది సైజు బాధ: చిన్న ఉదాహరణల్లో ముచ్చటగా ఉంటుంది కానీ నాలుగు సబ్‌సిస్టమ్‌లు కలిసేసరికి త్రోస్ జాబితా (మెథడ్ విసరగల ఎక్సెప్షన్ల జాబితా) చాంతాడంత అవుతుంది, అప్పుడు జనం విసిగిపోయి త్రోస్ ఎక్సెప్షన్ అని గంపగుత్తగా రాసేస్తారు. కాట్లిన్ వాళ్లూ చెక్డ్ ఎక్సెప్షన్లని వదిలేశారు. స్ప్రింగ్ అనే ఫ్రేమ్‌వర్క్ అయితే జావాలోనే ఉండి, ఎస్‌క్యూఎల్ ఎక్సెప్షన్‌ని తన సొంత అన్‌చెక్డ్ కుటుంబంలోకి అనువదించి ఇస్తుంది. ఆ అనువాదం నాకు చాలా ఇష్టం. కీ రెండుసార్లు పడితే ఒక పేరు, కనెక్షన్ దొరక్కపోతే ఇంకో పేరు. మొదటి నుంచీ జావాలో అలా ఉండుంటే సగం గొడవ ఉండేది కాదు.

వేలమంది వాడే లైబ్రరీ రాసేవాళ్లకి హెల్స్‌బర్గ్ చెప్పిన వెర్షన్ల బాధ నిజం. కానీ మనలో ఎక్కువమంది రాసేది మన కంపెనీలో, మన రిపోలో, మనమే పిలుచుకునే కోడ్. అక్కడ విఫలమయ్యే కొత్త దారి ఒకటి పుడితే పిలిచే ప్రతి చోటా కంపైల్ ఆగాలనే నేను కోరుకుంటాను. సైజు బాధకి మందు కూడా మన చేతుల్లోనే ఉంది. ప్రతి లేయర్ కింది నుంచి వచ్చినదాన్ని తన భాషలోకి మార్చి పైకి ఇవ్వాలి, అసలు ఎక్సెప్షన్‌ని కాజ్‌గా (మూల కారణంగా) లోపల దాచాలి. స్క్రీన్ రాసేవాడికి ఎస్‌క్యూఎల్ ఎక్సెప్షన్ పేరు కూడా తెలియక్కర్లేదు.

లాంబ్డాల దగ్గర మాత్రం చెక్డ్ ఎక్సెప్షన్‌తో నిజంగానే ఇబ్బంది పడతాం. స్ట్రీమ్‌లో మ్యాప్‌కి ఇచ్చే ఫంక్షన్ ఏ చెక్డ్ ఎక్సెప్షన్‌నీ ప్రకటించదు. అందుకే చాలామంది లాంబ్డా లోపలే పట్టుకుని ఖాళీ ఆప్షనల్ ఇచ్చేస్తారు, తర్వాత ఖాళీలని ఫిల్టర్ చేసేస్తారు. వంద ఫైళ్లు చదవమంటే తొంభై మూడు చదివి అంతే ఉన్నాయన్నట్టు ఊరుకునే ప్రోగ్రాం అలా తయారవుతుంది. రివ్యూలో నేను అన్నిటికన్నా భయపడేది ఈ నమూనాకే. అలాంటి చోట మామూలు ఫర్ లూప్ రాయండి. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఆప్షనల్‌లో కూడా గుంటలున్నాయి. ఖాళీ అయితే బదులు ఏమివ్వాలో చెప్పే ఆర్ ఎల్స్‌కి మనం ఇచ్చే ఆర్గ్యుమెంట్, విలువ ఉన్నా లేకపోయినా ముందే లెక్కకట్టబడుతుంది. అందులో కొత్త రికార్డు సృష్టించే కాల్ పెడితే పాత కస్టమర్ దొరికినా కొత్త రికార్డు పుడుతుంది. ఖాళీ అయినప్పుడే లెక్కకట్టే ఆర్ ఎల్స్ గెట్ వాడాలి. మా జంట రికార్డుల్లో కొన్ని ఇలా పుట్టినవే అయ్యుంటాయని మొదట్లో అనుమానపడి ఒక పూటంతా వెతికాం.

స్ప్రింగ్‌తో పనిచేసేవాళ్లకి ఇంకొక జాగ్రత్త. ట్రాన్సాక్షనల్ అని రాసిన మెథడ్ నుంచి రన్‌టైమ్ (అన్‌చెక్డ్) ఎక్సెప్షన్ బయటికి వస్తే స్ప్రింగ్ రోల్‌బ్యాక్ చేస్తుంది, అంటే రాసినదాన్ని వెనక్కి తీసేస్తుంది. చెక్డ్ ఎక్సెప్షన్ వస్తే మాత్రం మామూలుగా కమిట్ (ఖాయం) చేసేస్తుంది. రోల్‌బ్యాక్ ఫర్ అని విడిగా చెప్పుకోవాలి. నేను చెప్పినట్టు చెక్డ్ ఎక్సెప్షన్లకి మారదామనుకునేవాళ్లు ముందు ఇది సరిచూసుకోండి, లేకపోతే సగం రాసిన డేటా మిగిలిపోతుంది.

మూడో దారి కూడా ఇప్పుడు తెరుచుకుంది. జావా 17లో సీల్డ్ క్లాసులు (వాటి కింద ఏయే రకాలు ఉండొచ్చో ముందే కట్టడి చేసేవి) స్థిరపడ్డాయి, 2023 సెప్టెంబర్‌లో వచ్చిన జావా 21లో స్విచ్‌కి ప్యాటర్న్ మ్యాచింగ్ (వచ్చిన రకాన్ని బట్టి దారి ఎంచుకోవడం) చేరింది. దొరికారు, లేరు, తెలియలేదు అని మూడు రికార్డ్ టైప్‌లు రాసి ఒక సీల్డ్ ఇంటర్‌ఫేస్ కింద పెడితే, స్విచ్‌లో ఏ ఒక్కటి మర్చిపోయినా కోడ్ కంపైల్ కాదు. స్ట్రీమ్‌లోనూ హాయిగా ఇముడుతుంది. వెతికే పనులకి ఇది నాకు బాగా నచ్చింది, కొత్త సర్వీసులో ఇదే వాడుతున్నాం. కానీ సేవ్, డిలీట్ లాంటి పనులకి వాడను. ఫలితాన్ని చూడకుండా వదిలేసినా కంపైలర్ ఊరుకుంటుంది కాబట్టి పాత డిలీట్ బూలియన్‌కి పట్టిన గతే దీనికీ పడుతుంది. అక్కడ చెక్డ్ ఎక్సెప్షనే కావాలి.

మా కస్టమర్ మెథడ్‌ని చివరికి ఎలా దిద్దామో చెప్తాను. ఆప్షనల్‌ని అలాగే ఉంచాం. లోపలి క్యాచ్ బ్లాక్‌లో ఖాళీ ఇవ్వడం తీసేసి, కొత్త చెక్డ్ ఎక్సెప్షన్ విసిరి, త్రోస్‌లో ప్రకటించాం. బిల్డ్ కొట్టగానే పదిహేను చోట్ల ఎర్రగా వచ్చింది. ఒక్కొక్కటీ తెరిచి "ఇక్కడ తెలియకపోతే ఏం చెయ్యాలి?" అని అడుగుతూ కూర్చున్నాం. లాగిన్ స్క్రీన్‌లో "మీ వివరాలు ఇప్పుడు చూడలేకపోతున్నాం, కాసేపాగి మళ్లీ ప్రయత్నించండి" అని పెట్టాం. చాలావాటికి పైకి పంపితే సరిపోయింది.

పదమూడోది వారానికోసారి నడిచే శుభ్రం చేసే జాబ్. స్కాన్ చేసిన పత్రాల్ని ఒక్కొక్కటిగా తీసుకుని, వాటి కస్టమర్ మన దగ్గర ఉన్నారా అని ఇదే మెథడ్‌ని అడుగుతుంది. ఖాళీ వస్తే ఆ పత్రాన్ని శాశ్వతంగా తీసేస్తుంది. ఆ జాబ్ ఆదివారం రాత్రి నడుస్తుంది. రెప్లికా మొరాయించింది మంగళవారం.